తలకిందులైన ఈగల సరం

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి ఇన్‌స్పెక్టర్ అకిలీనో మా వంటింటి గడప దాటేసరికి నా మనసులో ఒక సంగతి స్థిరపడిపోయింది. నాలుగింటికి మా అబ్బాయి నికానోర్‌ని లేయోన్ పట్నానికి తీసుకుపోతారు. అక్కడ వాడికి చలి చేస్తుంది, దగ్గు పట్టుకుంటుంది, తర్వాత శిక్ష పడుతుంది. వాణ్ణి నేను మళ్ళీ చూడను. నాలుగింటికని సార్జెంట్ బారియెంతోస్ పొద్దున మా గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్ళాడు.

చచ్చిపోయినవాడు దోన్ ఎవెలియో, ఈకల బేరగాడు. శుక్రవారం పొద్దున ఏడింటికి పిండిమర ఆనకట్ట కింద మడుగులో తేలాడు. మొదట చూసింది మర నడిపే తెలెస్ఫోరో. శవం మణికట్టుకి నైలాను దారం చుట్టుకుని ఉంది, దారం చివర గాలపు కర్ర, దారానికి వరసగా నాలుగు ఈగలు, ఎర కోసం ఈకలతో కట్టినవి. ట్రౌట్ చేపల కోసం దిగి కాలు జారాడని ఒక గంటసేపు ఊరంతా అనుకుంది. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి, తల వెనక దెబ్బ ఉంది, ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు, గురువారం మూడుకీ నాలుగున్నరకీ మధ్య ప్రాణం పోయి ఉంటుంది అన్నాడు. అంటే పోయాకే నీళ్ళలో పడ్డాడు. ఆ గాలపు కర్ర చనిపోయిన మా ఆయనది. ఆ నాలుగు ఈగలూ మా ఇంట్లో కట్టినవి.

సార్జెంటుకి అంతకంటే ఏం కావాలి? గురువారం రెండుంపావుకి సారాకొట్టులో ఎనిమిదిమంది చూస్తుండగా నికానోర్ దోన్ ఎవెలియో కాలరు పట్టుకున్నాడు. మా కురుఎన్యో లోయలో ఈకలు అమ్ముతాం కానీ పుంజుని అమ్మం, గుడ్డు అసలే అమ్మం. ఆ జాతి లోయ దాటిపోకూడదని తాతల నాటి కట్టుబాటు అది. ఎవరో దొంగతనంగా గుడ్లు అమ్ముతున్నారు, వాళ్ళ పేరు చెప్పు అని మావాడు గట్టిగా అడిగాడట. తర్వాత మూడింటికి పదిహేను నిమిషాలుందనగా బయటికి నడిచాడు. అయిదింటిదాకా ఏటి ఎగువన ఒంటరిగా ఉన్నానంటాడు. చూసినవాళ్ళు లేరు. శుక్రవారమే వాణ్ణి ఠాణాలో పెట్టారు.

నేను వాణ్ణి ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని.

ఇన్‌స్పెక్టరు లావుపాటి మనిషి, జలుబుతో ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు పుంజుల దొడ్డి చూడాలన్నాడు. వెనకాలే సార్జెంటు, ఇస్త్రీ చెదరకుండా. కిటికీ దగ్గర బల్ల ముందు మా ఆడపడుచు కసిల్దా ఈగలు కడుతూనే ఉంది, తలెత్తలేదు. పెళ్ళి చేసుకోలేదు తను. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్లకి ఒక పక్క తను, ఒక పక్క నేను. గాలానికి పట్టుదారం చుట్టి, పుంజు ఈక పోచలు కట్టి, ఏ నెలలో ఏటిమీద ఏ పురుగు ఎగురుతుందో దాని పోలిక తెస్తాం. మే నెలవి ఒక అట్టమీద, జూన్‌వి ఒక అట్టమీద గుచ్చి అమ్ముతాం.

దొడ్డిలో పదకొండు పుంజులు. బూడిదరంగులో ఉక్కులా మెరిసేవి ఇందియో, గోధుమరంగు మీద చుక్కలున్నవి పార్దో. ఇన్‌స్పెక్టరు వాటి ముందు ఒక్కొక్క నిమిషం ఆగాడు. ఈక పీకేటప్పుడు కూర్చునే పొట్టి కుర్చీ చూశాడు. చివరికి నా వైపు తిరిగాడు.

“అమ్మా, ఇప్పుడు చంద్రుడు పెరుగుతున్నాడా, తగ్గుతున్నాడా?”

“పెరుగుతున్నాడండీ. రేపు మట్టల ఆదివారం, ఈస్టరు పున్నమి ఇంకా రాలేదు కదా.”

“పెరిగే రోజుల్లో ఈక పీకుతారా?”

“పీకరండీ. తగ్గే రోజుల్లోనే. ఇప్పుడు పీకితే మొదట్లో రక్తం దిగుతుంది, మెరుపు చచ్చిపోతుంది.”

“మరి ఈకల బేరగాడు ఈ వారం ఊళ్ళోకి ఎందుకొచ్చినట్టు?”

ఇరవై ఏళ్ళుగా వస్తున్న మనిషి, పెరిగే చంద్రుడిలో ఎప్పుడూ రాలేదు. ఆ మాట శవాన్నే అడగండి అన్నాడు సార్జెంటు, నవ్వకుండా. పట్నం నుంచి వచ్చినవాళ్ళకి చంద్రుడూ పుంజులూ వింతగానే ఉంటాయి, తనకి మాత్రం హంతకుడు కావాలి, వాడు ఇప్పటికే తన చేతిలో ఉన్నాడు అని కూడా అన్నాడు. ఇన్‌స్పెక్టరు ముక్కు చీదుకుని, అదృష్టవంతులు అన్నాడు.

తర్వాత గోడకి ఆనించి ఉన్న పేడ తోపుడుబండి దగ్గర వంగాడు. లోపల వేలు పెట్టి రాశాడు. వేలికి ఏమీ అంటలేదు. పేడ మోసే బండిని ఇంత శుభ్రంగా ఎవరు కడిగారని అడిగాడు. శుక్రవారం పొద్దునే నేనూ చూశాను దాన్ని. చూసి, మావాడే కడిగాడనుకున్నాను, అనుకుని నోరు మూసుకున్నాను. ఇప్పుడు నేనే కడిగానని చెప్పాను. ఎప్పుడు అన్నాడు. గురువారం సాయంత్రం అన్నాను. గురువారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నరదాకా గుడి కడగడానికి వెళ్ళిన ఆడవాళ్ళలో మీరూ ఉన్నారు కదా, అంత కడిగి వచ్చి మళ్ళీ బండి కడిగారా అన్నాడు. అవునన్నాను. పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాసుకోవడం చూస్తుంటే వాడి మెడకి తాడు నేనే పేనుతున్నట్టు అనిపించింది.

మూడింటికి వంటింట్లోకి వచ్చాం. ఇన్‌స్పెక్టరు జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఒక సాసరులో నాలుగు ఈగలు పోశాడు. ఊళ్ళో కొన్నవి, శవం దగ్గర దొరికినవాటిలాంటివే, మే నెల అట్టవి. పక్కన మూరెడు నైలాను దారం పెట్టాడు.

“వీటిని సరం కట్టండమ్మా. ఏట్లోకి వేసేలాగ.”

“నాకు చేతకాదండీ. నేనెప్పుడూ ఏట్లో గాలం వెయ్యలేదు.”

“ముప్ఫై ఏళ్ళుగా కడుతున్నారుగా?”

“కట్టడం మా పని. వెయ్యడం మగవాళ్ళది.”

మా ఊళ్ళో అంతే. ఆడవాళ్ళు కడతారు, మగవాళ్ళు నీళ్ళలోకి దిగుతారు. మా ఆయన సరం కట్టుకునేది ఏటి ఒడ్డున, నేను ఎన్నడూ పక్కన నిలబడలేదు. తోచినట్టు కట్టండి అన్నాడాయన. చేతులు వణుకుతున్నా కట్టాను. దారం చేతిలోకి రాగానే వేళ్ళకి మైనం రాసుకోవడం అలవాటు, రాసుకుని దారం మీద ఒకసారి దువ్వాను. నైలానుకి మైనం అక్కర్లేదని తర్వాత గుర్తొచ్చింది. అట్టమీద మేం గుచ్చే వరసలోనే, పైనుండేది మొదట తీసి దారం చివర కట్టాను. లేతరంగుది చివర, ఆపైన మరొకటి, ముదురురంగుది అన్నిటికంటే పైన.

ఇన్‌స్పెక్టరు దాన్ని బల్లమీద పరిచాడు. పక్కనే ఇంకో సరం పరిచాడు. శవం దగ్గర దొరికింది. రెండూ ఒకటే. లేతది చివర, ముదురుది పైన.

దానికి పక్కన మరో మూడు సరాలు పరిచాడు. పొద్దున సారాకొట్టులో ముగ్గురు మగవాళ్ళ చేత విడివిడిగా కట్టించాడట, ఒకరు కట్టింది ఒకరికి చూపించకుండా. ఆ మూడూ ఒకేలా ఉన్నాయి. ముదురుది, ఒత్తుగా కట్టింది దారం చివర, పైకి వచ్చేకొద్దీ లేతవి. చివరిది బరువుగా ఉండి నీళ్ళలో మునగాలి, పైవి నీటి పైపొరలో ఆడాలి అని ముగ్గురూ చెప్పారట. ఇలా తలకిందులుగా కడితే ఏమవుతుందని అడిగితే ఒకడు నవ్వి, తాగి పడిపోయినా మా ఊళ్ళో ఎవడూ అలా కట్టడు అన్నాడట.

“మీ నికానోర్ ఎన్నేళ్ళనుంచి ఏట్లోకి దిగుతున్నాడు?”

“ఏడో ఏటనుంచండీ.”

“అయితే ఇది వాడు కట్టలేదు” అన్నాడు, శవం సరాన్ని వేలితో చూపించి. “ఈగలు కట్టడం తెలిసి, ఏరు తెలియని మనిషి కట్టింది. అట్ట చూసి కట్టింది.”

నా ఒంట్లోకి రెండు రోజుల తర్వాత ఊపిరి వచ్చింది. సార్జెంటు అడ్డుపడ్డాడు. భయంలో ఉన్నవాడు ఏ వరసలో కడతాడో ఎవరికి తెలుసు, వరస పట్టుకుని మనిషిని వదిలేస్తారా అన్నాడు. చేతులు భయపడవు, ఏళ్ళ తరబడి అలవాటైన వరసే వాటికి వస్తుంది, ఈవిడ ఇప్పుడు మీ కళ్ళముందే వణుకుతూ కట్టలేదా అన్నాడు ఇన్‌స్పెక్టరు. సార్జెంటు మెల్లిగా నా వైపు చూశాడు.

“సరే. అయితే తల్లి అనుకోవాలి. సరం అచ్చం ఈవిడ కట్టినట్టే ఉంది. బండి కడిగింది తనేనని తనే చెప్పింది.”

వింటే మీకు చిత్రంగా ఉంటుంది, నాకు ఆ మాటకి భయం వెయ్యలేదు. పదేళ్ళుగా ప్రతి రాత్రీ ఏదో ఒక కీడు ఊహించుకుంటూ పడుకునేదాన్ని. వాడు ఏట్లో పడిపోయాడని, కొండమీద మంచులో దారి తప్పాడని. నా మీదికి వచ్చే కీడు ఒక్కటి కూడా ఎప్పుడూ ఊహించుకోలేదు. ఇది చాలా తేలిగ్గా ఉంది. శాలువా ఎక్కడుందా అని చూసుకున్నాను.

ఇన్‌స్పెక్టరు మాత్రం భూతద్దం తీశాడు. నేను కట్టిన సరం ముడుల మీద తెల్లటి మైనం మరక చూపించాడు. అది గుడి కొవ్వొత్తుల ముక్కల మైనం, నేనెప్పుడూ అదే వాడతాను. తర్వాత శవం సరం చూపించాడు. రాత్రంతా నీళ్ళలో నానినా ముడుల సందుల్లో నల్లటి చుక్కలు ఉండిపోయాయి. చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి రాసే నల్ల మైనం.

“ఈ ఊళ్ళో ఈగలు కట్టేవాళ్ళు ఎంతమంది?”

“ఇద్దరమే మిగిలామండీ.”

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక తెలిసింది ఏం అన్నానో. కిటికీ దగ్గర దారం చుట్టే చప్పుడు ఆగిపోయింది. నేను అటు చూడలేదు. నికానోర్ పుట్టాక నలభై రోజులు నాకు జ్వరం దిగలేదు. ఆ నలభై రోజులూ వాణ్ణి తన రొమ్ము మీద పడుకోబెట్టుకుని మేకపాలు పట్టింది కసిల్దా. వాడికి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, అత్త.

“నల్ల మైనం ఎవరిదమ్మా?”

“నాదేనండీ” అన్నాను.

“అబద్ధాలాడకు ఒబ్దూలియా” అంది కసిల్దా వెనకనుంచి. గొంతు మామూలుగానే ఉంది, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. “ఆ వాసనకి నీకు తలనొప్పి వస్తుంది. నా డబ్బా దూరంగా పెట్టుకోమని ముప్ఫై ఏళ్ళుగా నా ప్రాణం తీస్తున్నావు.”

తను లేచి వచ్చి, చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, ఇన్‌స్పెక్టరుకి ఎదురుగా కూర్చుంది. చంపావా అని అడిగాడాయన. లేదంది. తర్వాత చెప్పింది, దాచుకోకుండా.

గురువారం శనగలు పొయ్యిమీద పెట్టాలని నాలుగుంపావుకి అందరికంటే ముందే గుడినుంచి ఇంటికి వచ్చింది. దొడ్డిలో పుంజులు గోల పెడుతున్నాయి. వెళ్ళి చూస్తే దోన్ ఎవెలియో బోర్లా పడి ఉన్నాడు, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, ప్రాణం లేదు. పక్కన గడ్డి పరిచిన ఖాళీ బుట్ట ఒకటి. ఇంకో పక్క నికానోర్ చేతికర్ర, దాని ముడి దగ్గర రక్తం. అంతే, తనకి ఇంకేం అక్కర్లేకపోయింది. పిల్లవాడు కోపంలో కొట్టేశాడు, పారిపోయాడు అనుకుంది. పొట్టి మనిషి, బక్క మనిషి. పేడబండిలో ఎక్కించి, గోనె కప్పి, హేజెల్ పొదల వెనక దారిన మర కాలువ దాకా తోసింది. తమ్ముడి గాలపు కర్ర తెచ్చింది. మే నెల అట్టనుంచి నాలుగు ఈగలు తీసి కట్టింది. వేటకి దిగి పడిపోయినట్టుంటుంది, ఎవరిమీదికీ రాదు అనుకుంది. కాలువ నీరు తీసుకెళ్ళి మడుగులో వేసింది. బుట్టని విరిచి, చేతికర్రతోపాటు పొయ్యిలో పెట్టింది. అయిదింటికల్లా బండి కడిగేసింది.

“ఆ పొయ్యిమీదే శనగలు ఉడికాయి” అంది. “అందరం తిన్నాం.”

“వాడిని అడగొచ్చు కదా వదినా” అన్నాను నేను. “నువ్వే చేశావా అని ఒక్క మాట.”

“నువ్వు అడిగావా?”

ఒకే ఇంట్లో ఇద్దరం, రెండు రోజులు, ఒకే అనుమానాన్ని ఎదురెదురుగా పెట్టుకుని దారాలు చుడుతూ కూర్చున్నాం.

సార్జెంటు పుస్తకం మూసేశాడు. ఈవిడ సాక్ష్యంతో తన కేసు ఇంకా గట్టిపడిందన్నాడు. దొడ్డి ఎవరిది, నికానోర్‌ది. కర్ర ఎవరిది, నికానోర్‌ది. కోపం ఎవరిది, నికానోర్‌ది. ఇక సరాలూ మైనాలూ పక్కన పెడదామా అన్నాడు. నిజమే అనిపించింది నాకు. బయటపడిందనుకున్న కాలు మళ్ళీ అదే ఊబిలో దిగింది.

ఇన్‌స్పెక్టరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మీ పుస్తకంలోనే ఉంది సార్జెంటు గారూ. కొట్టువాడి వాంగ్మూలం. నిన్న మీరే రాసుకున్నారు, మీరే నాకు చూపించారు. ఒకసారి పైకి చదవండి.”

సార్జెంటు ఇష్టం లేకుండానే పేజీ తిప్పాడు. చదువుతూ చదువుతూ ఆయన గొంతు నెమ్మదించింది. నికానోర్ మూడింటికి పదిహేను నిమిషాలుందనగా కోపంగా వెళ్ళిపోయాడు. చేతికర్ర కొక్కేనికే తగిలించి మరిచిపోయాడు. దోన్ ఎవెలియో మరో అయిదు నిమిషాలకి వెళ్ళాడు. మూడింటికి తెలెస్ఫోరో లేచి, దారిలో వాళ్ళింట్లో ఇచ్చేస్తానని ఆ కర్ర తీసుకున్నాడు.

“ఇచ్చాడా అమ్మా?”

“లేదండీ. మేం గుడిలో ఉన్నాం.”

“ఈ ఊళ్ళో కోళ్ళు ఎక్కువున్నది ఎవరికి?”

“మర దగ్గర. గింజలు రాలతాయి కదా, ఓ నలభై పెట్టలున్నాయి తెలెస్ఫోరోకి. వాటిలో ఉన్న పుంజులు మా జాతివే.”

నేను చెబుతుండగానే నాకు అర్థమైంది. పెరిగే చంద్రుడిలో వచ్చిన ఈకల బేరగాడు ఈకల కోసం రాలేదు. గడ్డి పరిచిన ఆ బుట్ట గుడ్ల బుట్ట. కొట్టులో నికానోర్ అడిగిన పేరు దోన్ ఎవెలియో చెప్పలేదు, రేపో ఎల్లుండో చెప్పేస్తాడని తెలెస్ఫోరో ఆగలేదు. కబురుపెట్టి మా ఖాళీ దొడ్డికి రప్పించాడో, మాటల్లో పెట్టి తీసుకొచ్చాడో, అదంతా వాడే చెప్పాలన్నాడు ఇన్‌స్పెక్టరు. కర్ర మాత్రం వాడి చేతిలో వచ్చింది.

కసిల్దా రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను. ఇక మావాణ్ణి వదలండి అన్నాను, నాలుగు కాకముందే వదలండి, వాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు, వెల్లుల్లి చారు వేడిగా ఉంది.

సార్జెంటు టోపీ చేతిలో తిప్పాడు.

“నాలుగు అని చెప్పాను కానీ” అన్నాడు, “ఇక్కడికి వచ్చేముందే పంపించేశాను. రెండుంపావుకి.”

“నాకు చెప్పకుండానా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“చెబితే మీరు ఆపేవారు.”

“ఎవరి కాపలాలో?”

సార్జెంటు చెవులు ఎర్రబడ్డాయి. ఠాణాకి ఉన్నది ఒక్క కానిస్టేబులు. అతన్ని ఆనకట్ట దగ్గర కాపలా పెట్టించింది ఇన్‌స్పెక్టరే. ఠాణా జీపు బాగుచేయడానికి ఇచ్చి వారమైంది. పొద్దున మర తెలెస్ఫోరో తనంతట తనే వచ్చి, పిండి వ్యాను ఉంది కదా, నేనే దింపి వస్తాను, దానికేముంది అన్నాడట. సంకెళ్ళు వేసి, బస్తాల మధ్య కూర్చోబెట్టి, కాగితం తెలెస్ఫోరో చేతికిచ్చి, నేరుగా లేయోన్ ఠాణాలో అప్పజెప్పమన్నాడట.

లేయోన్‌కి వెళ్ళడానికి గంట, రావడానికి గంట. నాకు లెక్కలు రావు కానీ ఆ లెక్క వచ్చింది. వ్యాను తిరిగి రావాలంటే నాలుగుంపావు అవ్వాలి, తొందరపడినా.

ఇన్‌స్పెక్టరు గోడ గడియారం చూశాడు. మూడు ముప్ఫై అయిదు. ఫోను ఎక్కడుందని అడుగుతూ అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన అంత వేగంగా నడవగలడని అనుకోలేదు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. వంతెన మీదనుంచి పిండి వ్యాను వస్తోంది, తొందరేమీ లేకుండా, గోతులు తప్పించుకుంటూ. వెనక తలుపు తెరుచుకుని ఊగుతోంది. మలుపు తిరిగేటప్పుడు లోపల బస్తాలు కనిపించాయి, మనిషి లేడు. మా ఇంటి ముందుకి వచ్చేసరికి తెలెస్ఫోరో వేగం తగ్గించి, నన్ను చూసి, రోజూ పలకరించినట్టే చెయ్యెత్తాడు.

మోచేతిదాకా తడిసి ఉంది ఆ చెయ్యి.